పొడుపుకథల మేడమ్

ఎనభైల్లో నేను వరంగల్‌లోని ఒక కాలేజీలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ చెప్పేదాన్ని. ముట్టుకోవడానికి కంప్యూటర్ లేదు కాబట్టి బోర్డు మీద చిక్కుప్రశ్నలు వేసేదాన్ని. "కాశిబుగ్గలో నేత మల్లయ్య, టీచర్ మేరీ, దర్జీ యూసుఫ్‌లవి వరుసగా మూడిండ్లు. మేరీది మొదటిల్లు, మల్లయ్యది ఆమె పక్కిల్లు కాదు. నడుమ ఎవరు?" షరతులకు కుదరనివి కొట్టేస్తే మిగిలేదే జవాబు. యంత్రానికి నేర్పాల్సిందీ అదే.

ఒకరోజు ప్రిన్సిపాల్ తలుపు దగ్గర నిలబడి, "ఏందమ్మా, ఇది కాలేజా, అరుగు మీద ముచ్చట్లా? రేపటి నుంచి ఈ క్లాసు బంద్," అన్నాడు, పిల్లల ముందే.

నా ఒళ్లు మండింది. "వారం నుంచి మీకు టైంటేబుల్ కుదురుతలేదు గద సార్. ఆ షరతుల కాయితం ఇటియ్యుండ్రి. ఈ గంటల మా పిల్లలు తేల్చకపోతే క్లాసు నేనే బంద్ చేస్త," అన్నాను.

ఆయన తెప్పించిన కాయితంలోని షరతులు బోర్డు మీద రాసి, టైంటేబుల్ గడులు గీసి, పిల్లలు కుదరనివన్నీ కొట్టేస్తూ పోయారు. చివరికి అన్ని షరతులకూ కుదిరే గడి ఒక్కటి కూడా మిగల్లేదు. ప్రిన్సిపాల్ నవ్వాడు.

ముందు బెంచీ జరీనా లేచింది. "మేడమ్, ఒక్క షరతు తీసేస్తే అంతా కుదురుతది."

"ఏదమ్మా?"

"ప్రిన్సిపాల్ సార్‌కు పొద్దున మొదటి గంట క్లాసు పెట్టొద్దన్నది."

ప్రిన్సిపాల్ సుద్దముక్క అందుకుని, తన షరతు తానే కొట్టేశాడు.

నా క్లాసు నిలిచింది. ఆయన ఏడాదంతా నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పాయె! "ఇది కుదరదు" అని ఎవరన్నా నేనిప్పటికీ ఒకటే అడుగుతాను: ఆ షరతు పెట్టిందెవరు?