పద్నాలుగో గడి

మా బావగారికి ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏం చెప్పినా "ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?" అని అడగందే ఆ మాట ఆయన చెవి దాటి లోపలికి దిగదు. బయట వాన పడుతోందంటే కిటికీ వైపు చూడరు, నా వైపు చూస్తారు.

"ఎవరు చెప్పారు?"

"నేనే తడిసి వచ్చాను బావగారూ."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇదిగో, ఇంకా నీళ్లు కారుతున్నాయి."

"సరే," అని అప్పుడు గొడుగు వెతుక్కుంటారు.

ఒకసారి డాక్టరు ఆయన చేతికి పట్టీ చుట్టి, బీపీ ఎక్కువగా ఉందన్నాడు. ఎవరు చెప్పారన్నారు ఈయన. మిషను చెప్పిందన్నాడు డాక్టరు. మిషను సరిగ్గా ఉందని ఎవరు చెప్పారన్నారు ఈయన. పది నిమిషాలు తిరక్కుండానే డాక్టరు అదే పట్టీ తన చేతికి చుట్టుకుని చూసుకున్నాడట. ఇది నాకు మా అక్క చెప్పింది, ఆ సాయంత్రమే చెప్పింది. చూశారా, ఆయన గాలి సోకితే మనమూ ఇలాగే తయారవుతాం.

వాళ్ల ఫ్రిజ్‌లో ప్రతి గిన్నె మీదా ఒక చీటీ ఉంటుంది. ఏమిటి, ఎప్పుడు వండారు, ఎవరు రుచి చూశారు. ఒకరోజు మా అక్కకు ఒళ్లు మండి, ఒక చీటీ రాసి తన నుదుటికే అంటించుకుని వడ్డించింది. 'పేరు: భార్య. తెచ్చిన తేదీ: ఇరవై ఆరేళ్ల కిందట. ఎవరిని అడిగారు: మా నాన్నని. నన్ను కాదు.' బావగారు అది శ్రద్ధగా చదివి, "ఇరవై ఏడేళ్లు," అని దిద్దారు.

ఈ జబ్బు ఇంటికి ఆఫీసు నుంచి వచ్చిందో, ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లిందో తెలియదు. ఆయన సిటీ లైబ్రరీలో పాత ఫోటోల విభాగం చూస్తారు. నేను రేడియో స్టేషన్‌లో పాత టేపులు చూస్తాను. ఊళ్లో ఇలాంటి సంస్థలు ఐదున్నాయి: లైబ్రరీ, రేడియో, మ్యూజియం, ఒక పత్రిక, పటాల ఆఫీసు. అందరం మా దగ్గరున్న పాత సరుకంతా ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడుతున్నాం. కానీ ఎవరి తీరు వాళ్లది. మ్యూజియం వాళ్లు నంబరు తప్ప ఇంకేం రాయరు. పటాల ఆఫీసాయన తేదీని వెనకనుంచి రాస్తాడు. నేను ఒక టేపు గురించి 'పాతది, బాగుంది' అని రాశాను. కాదనను, ఆ రోజు నాకు తలనొప్పి.

అందుకని ఐదు సైట్లకూ కలిపి ఒకే ఫారం, ఒకే పద్ధతి ఉండాలని కమిటీ వేశారు. పదమూడు గడులు వారంలో తేలిపోయాయి. పద్నాలుగో గడి మా బావగారిది, తన లైబ్రరీ ఫోటోలకు ఆయన ఎప్పటినుంచో సొంతంగా రాసుకుంటున్నదే. 'ఈ సంగతి ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు?' అది నిండితే గాని ఏ ఫోటో, ఏ టేపూ సైట్లోకి ఎక్కకూడదని ఆయన పట్టు.

మూడు నెలలు ఆ ఒక్క గడి దగ్గరే బండి ఆగిపోయింది. పత్రిక ఆయన బావగారి వైపు. మ్యూజియం నుంచి వచ్చిన కన్వీనరమ్మ, పటాల ఆఫీసాయన అటువైపు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, మధ్యలో నేను. నిజం చెప్పాలంటే నాకూ ఆ గడి అంటే గిట్టదు. నా బీరువాల్లో నాలుగు వేల టేపులు బూజు పడుతున్నాయి. ఒక్కోదాని కోసం ఊరంతా తిరిగి అడుగుతూ కూర్చుంటే, చివరికి వినడానికి బూజే మిగులుతుంది.

ఓటింగుకు వారం ముందు కన్వీనరమ్మ నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టింది.

"మీ బావగారి ఫోటో నంబరు రెండు వందల పన్నెండు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పందొమ్మిది మంది అమ్మాయిలు వరసగా కూర్చున్నారు. పద్నాలుగో గడి చూడండి."

చూశాను. పదకొండు సార్లు అడిగారు. పదకొండు సార్లూ ఒకావిడనే, రిటైరైన టెలిఫోన్ ఆపరేటరుని. రెండు వారాలకో బుధవారం. ఒక్కోసారికి ఒక్క పేరు.

"ఒక్క ఫోటోకి ఐదు నెలలా? డ్యూటీ టైములో?" అంది కన్వీనరమ్మ. "మీరు వెళ్లి అసలు సంగతేమిటో కనుక్కుని రండి. ఇదొక్కటి చాలు ఆ గడి కొట్టేయడానికి."

"ఆయన మా బావగారండీ."

"అందుకే మిమ్మల్ని పంపిస్తున్నా. మరదలు ఊరికే వదిలిపెడుతుందా?"

గురువారం వెళ్లాను. కుట్టుమిషన్ల షాపు మీద రెండో అంతస్తు. మెట్లు నిటారుగా ఉన్నాయి. తలుపు తీసిన పెద్దావిడకు డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి, మోకాళ్లు వంగడం లేదు, గొంతు మాత్రం గంటలా ఉంది.

"చెప్పండి, ఎవరు కావాలి?"

"మీరేనండీ."

"లైన్లో ఉండు," అని టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నలభై ఏళ్ల ఉద్యోగం నాలుక మీద నుంచి అంత తేలిగ్గా పోదు కదా. కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి.

టీ తాగుతూ సంగతి కదిపాను. పేర్లు గుర్తు తెచ్చుకోవడం కష్టంగా ఉందా అని మర్యాదగా అడిగాను.

"కష్టమా?" అందావిడ. "పందొమ్మిది పేర్లూ మొదటిరోజే గడగడా చెప్పేశానమ్మాయ్. ఆ అబ్బాయి రాసుకున్నాడు కూడా."

ఆ అబ్బాయికి యాభై ఏడేళ్లు.

"మరి రెండు వారాలకి మళ్లీ వచ్చాడు," అందావిడ గొంతు తగ్గించి. "అదే ఫోటో. 'ఎడమ నుంచి రెండో ఆవిడ ఎవరండీ' అంటాడు. అప్పుడర్థమైంది నాకు. మతిమరుపు, పాపం. ఆఫీసులో మాత్రం చెప్పకు, ఉద్యోగం పోతుంది. గుర్తుచేస్తే చిన్నబుచ్చుకుంటాడని నేనూ మొదటిసారి చెప్పినట్టే చెప్తున్నా."

"పదకొండు సార్లా?"

"అయితే ఏమైంది? ఒక్కో బుధవారం ఒక్కత్తె గురించి మాట్లాడుకుంటాం. ఎవరు బాగా పాడేది, ఎవరు కోపంతో మేనేజరు లైను పీకేసింది, అన్నీ. వాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. పేరు చెప్తుంటే అది మళ్లీ డ్యూటీకి వచ్చినట్టుంటుంది." కప్పు కింద పెట్టి, "ఇంకెవరు అడుగుతారమ్మా ఈ కబుర్లు?" అంది.

నాకు ముందు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. పాతది, బాగుంది అని నేను ఒక్క ముక్కలో తేల్చేసిన టేపులో పాడుతున్నది ఎవరో, ఆవిడ ఏ మెట్ల పైన కూర్చుని ఉందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇంటికి వచ్చి ఆ పదకొండు వరసలూ మళ్లీ చదివాను. ప్రతి తేదీ నిజం. ప్రతి పేరూ నిజం. ఆయన అడిగిన మాటా, ఆవిడ చెప్పిన మాటా నిజం. మొదటిరోజు జాబితా ఒక్కటే ఎక్కడా లేదు. ఊరందరినీ సాక్ష్యం అడిగే మనిషి ఒక కాగితాన్ని సొరుగులో దాచేశాడన్నమాట. ఈ సంగతి కమిటీలో చెప్తే గడీ పోతుంది, ఆయన పరువూ పోతుంది, ఆ రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీ అవుతుంది.

ఓటింగు రోజు కన్వీనరమ్మ నా వైపు తిరిగింది. "కనుక్కున్నారా?"

"కనుక్కున్నానండీ. ఆవిడకు అన్నీ బాగా గుర్తున్నాయి. కానీ చెప్పాల్సింది చాలా ఉంది, ఒక్క పూటలో తేలేది కాదు." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. "నా ఓటు గడికే. కాకపోతే ఒక మార్పు. గడి ఖాళీగా ఉన్నా ఫోటోలూ టేపులూ వెంటనే సైట్లో పెట్టేద్దాం, జనం చూస్తారు. అడగడం మాత్రం ఆగకూడదు. వెళ్లి అడగడం కూడా డ్యూటీయే అని పద్ధతిలో రాద్దాం."

బావగారు గడ్డం గోక్కుని సరేనన్నారు. అటువైపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, బూజు వదిలితే చాలని సంతకాలు పెట్టారు. ఐదు సంస్థల ఉమ్మడి పద్ధతి ఆ మధ్యాహ్నం పుట్టింది, పద్నాలుగు గడులతో.

బయటికి వచ్చాక మెట్ల మీద బావగారు నన్ను ఆపారు.

"నీకా గడి గిట్టదు కదా. ఎందుకు వేశావు ఓటు?"

"మీరు మంచివాళ్లని."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు."

"ఎప్పుడు?"

"గురువారం."

ఆయన చేతిలో సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నారు. తర్వాత మెల్లగా, "ఆవిడతో ఏమీ అనలేదు కదా? పెద్దవయసు, మతిమరుపు. మొదటిరోజే అన్నీ చెప్పిన సంగతి ఆవిడకు గుర్తులేదు, పాపం. ప్రతిసారీ కొత్తగా చెప్తుంది," అన్నారు.

ఆ మాట మీకు ఎవరు చెప్పారని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి దొరికిన అవకాశం. మింగేశాను.

"ఏమీ అనలేదు బావగారూ. కానీ ఇంకా ఎనిమిది పేర్లేగా మిగిలాయి. అవి అయిపోతే?"

ఆయన అటూ ఇటూ చూసి, సంచిలోంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టారు. ఫోటో నంబరు రెండు వందల పదమూడు. అదే ఎక్స్ఛేంజీ, రాత్రి షిఫ్టు. నేను అక్కడే నిలబడి లెక్కపెట్టాను. ముప్పై ఒక్కమంది ఉన్నారు.