టీవీలో ఆవిడకు మా వీధి దిష్టి తీసిన ఆదివారం

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఇదంతా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. తన సంగతి వచ్చిన చోట కలం ఆగుతుంది. నేను మళ్లీ చెబుతాను, మళ్లీ రాస్తుంది. కాబట్టి ఇందులో కోడలి మంచితనం కాస్త ఎక్కువగా కనబడితే ఆ తప్పు నాది కాదు.

నా గుండెలో ఒక వాల్వు పాడైంది. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లి, కుప్ప ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాను. మా ఊరు ప్రత్తిపాడుకు ఇవతల. అక్కడి నుంచి గుంటూరు తీసుకెళ్లారు. డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి దాపరికం లేకుండా చెప్పారు.

"ఛాతీ తెరిచి, కాసేపు గుండె ఆపి వాల్వు మార్చాలమ్మా. ప్రమాదం లేదని అనను. చేయించుకోకపోతే మాత్రం ఈ ఏడాది గడవడం కష్టం. సోమవారం వచ్చి చేరండి."

శనివారం దాకా నేను వెళ్తానని అనలేదు, వెళ్లనని అనలేదు. ఎవరు అడిగినా "చూద్దాంలే" అన్నాను. కోతంటే నాకు భయం లేదు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, కొడవలి గాట్లు వేళ్లకు లెక్కలేనన్ని. నా భయం వేరు. ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య ఒంటి మీద స్పృహ లేకుండా పడి ఉంటాను, నా కోసం ఒక్క కన్నీటి బొట్టు రాల్చేవాళ్లు లేని గదిలో నా గుండె ఆపుతారు.

మా మరిది ఉన్నాడు. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు, అప్పటి నుంచి మా ఇంటికి ధైర్యం సరఫరా చేసే బాధ్యత తనదే అనుకుంటాడు. ఆ శనివారం సాయంత్రం వచ్చి అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"వదినా, రేపు మధ్యాహ్నం టీవీలో గుండె ఆపరేషన్ మొత్తం చూపిస్తారంట. నిజంగా చేసిందే, సినిమా కాదు. అచ్చం నీకు చేసేదే. ఒక్కసారి చూశావంటే భయం ఎగిరిపోద్ది."

"నువ్వూ చూస్తావా?"

"నాకేం భయం? నేను పక్కనే కూర్చుని చెప్తాగా."

ఆదివారం అన్నాలు తినేసరికి వీధిలో సగం మంది మా ముందుగదిలో ఉన్నారు. ఎండ లోపలికి రాకుండా తలుపులు, కిటికీలు మూశారు. అందరికంటే ముందు ఎదురింటి అక్కయ్య టీవీకి మూరెడు దూరంలో చాప వేసుకుంది. నేను వెళ్లి పక్కన కూర్చోబోతే వెనక్కి నెట్టింది.

"నీకు గుండె జబ్బు కదే! దగ్గరగా చూడకూడదు. ఎనక్కి పో."

అట్లా వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, చివరికి వంటగది దాటి పెరటి గుమ్మం దగ్గర తేలాను. అక్కడి నుంచి టీవీ తిన్నగానే కనబడుతుంది.

"అక్కడే ఉన్నావు కదా, ఆ చేత్తోనే నాలుగు టీలు పెట్టకూడదంటే?" అంది అక్కయ్య.

"మీరు కూర్చోండత్తయ్యా, నేను పెడతా," అని మా కోడలు లేచింది. లేచింది గానీ కళ్లు టీవీకి అతుక్కుని ఉన్నాయి, కాళ్లు ముందుకు పడలేదు. టీ నేనే పెట్టాను. ఇక్కడ కలం ఆగింది. రాయమ్మా, లేచావని కూడా చెప్పానుగా.

టీవీలో ఆవిడది పరదేశం. పసుప్పచ్చటి జుట్టు, మంచం పక్కన మొగుడు, ఇద్దరు పిల్లలు. మాటలు మాత్రం తెలుగులో పెట్టారు. "ప్రియతమా, ధైర్యంగా ఉండు, నేను తప్పక తిరిగి వస్తాను," అంది. మా ఊళ్లో ఏ పెళ్లామైనా అట్లా మాట్లాడితే మొగుడు ముందు జ్వరం ఉందేమో నుదురు పట్టుకుని చూస్తాడు. కానీ ఆ ఒక్క మాటకే గదంతా కరిగిపోయింది.

"ఎంత చక్కటి పిల్లే! దానికొచ్చిందే ఈ మాయదారి రోగం!" అని అక్కయ్య ఏడుపు మొదలుపెట్టింది. టీ ఇవ్వడానికి వంగితే నా కొంగు లాక్కుని ముక్కు తుడుచుకుంది. మా ఆయన పోయిన రోజున ఇదే అక్కయ్య కాసేపు ఏడ్చి, కళ్లంలో ఎండేసిన మిరపకాయలున్నాయి, మబ్బు పడుతోందని లేచి వెళ్లింది. తప్పు పట్టడం లేదు, కాయలు తడిస్తే నల్లబడతాయి. కానీ ఆ పచ్చజుట్టు ఆవిడ కోసం ఏడ్చిన ఏడుపులో సగం ఆ రోజున ఏడ్చి ఉంటే మా ఆయన గర్వపడి ఉండేవాడు.

ఎముక కోసే రంపం గుర్రుమనగానే మా మరిది లేచాడు.

"పొలంలో మోటారు ఆపానో లేదో చూసొస్తా."

పంట తీసి నెలైంది. పొలంలో తడపడానికి గడ్డిపరక కూడా లేదు. అతను పొలం దాకా ఏమీ వెళ్లలేదు, వీధి అరుగు మీదే ఆగి, తలుపు సందులోంచి "ఎందాకా వచ్చిందీ?" అని అడుగుతూ ఉన్నాడు.

అప్పుడు టీవీలో గొంతు, "ఇప్పుడు వైద్యులు గుండె కొట్టుకోవడాన్ని పూర్తిగా ఆపివేస్తారు," అంది. పైకీ కిందికీ ఎగురుతున్న గీత సాపుగా అయిపోయింది.

"చంపేశార్రోయ్!" అని అక్కయ్య గుండెలు బాదుకుంది.

"చంపలేదు పెద్దమ్మా, మిషన్ మీద పెట్టారు. మళ్లీ కొట్టుకుంటది," అని కోడలు చెప్పబోయింది.

"నీ మొహం! గీత చూడు, ఎట్టా పోయిందో! అంత అందగత్తెను ఊళ్లకు ఊళ్లు కూర్చుని చూస్తంటే దిష్టి తగలదూ? ఉప్పూ మిరపకాయలూ పట్టుకురా, తొందరగా!"

మా ఇంట్లో ఏది లేకపోయినా మిరపకాయలకు లోటు లేదు. ఏడాది కారానికి దాచిన తేజా రకం కాయలు, చూపుకు సన్నగా ఉంటాయి గానీ మంట అంతా వాటిలోనే ఉంటుంది, గుప్పెడు తెచ్చింది కోడలు. అక్కయ్య టీవీ ముందు నిలబడి మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, చూసినోళ్ల దిష్టి, చూడనోళ్ల దిష్టి." పద్ధతి ప్రకారం ఆ గుప్పిట్లో రోగి చేత మూడుసార్లు ఉమ్మించాలి. టీవీలో ఆవిడ ఉమ్మే స్థితిలో లేదు కనుక ఆవిడ తరఫున అక్కయ్యే ఉమ్మింది. అదే జబ్బుతో, ఉమ్మగలిగే స్థితిలో ఉన్న నేను పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

దిష్టి కాయలు ఆరుబయట నిప్పుల్లో వేయాలి. బయటికి వెళ్తే ఆపరేషన్ తప్పిపోతుందని అక్కయ్య వంటగదిలో గ్యాస్ పొయ్యి మీద పెనం పెట్టి అందులో పోసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు అంటారు. కాలిస్తే ఘాటు రాని మిరపకాయ మా జిల్లాలో పండదు. రెండు నిమిషాల్లో గదంతా దగ్గు. పిల్లలు, ముసలివాళ్లు, టీ గ్లాసులు, అందరూ ఒకరి మీద ఒకరు పడి వీధిలోకి పరిగెత్తారు. కోడలు మూడుసార్లు "అత్తయ్యా!" అని అరిచింది. నేను పెరటి తలుపు తీసుకుని, పొయ్యి కట్టేసి, తడి కొంగు ముక్కుకు చుట్టుకుని గడప అవతల కూర్చున్నాను. పెరటి గాలి నా మీదికి వస్తోంది. మిగిలిన ఆపరేషన్ ఇక నేనొక్కదాన్నే చూశాను.

ఆరేడుగురు ఉన్నారు బల్ల చుట్టూ. కళ్లు తప్ప మొహాలు కనబడవు. ఆ కళ్లలో ఒక్కదాంట్లోనూ నీళ్లు లేవు. ఒకాయన పక్కకు చూడకుండానే చెయ్యి చాపుతాడు, కావలసింది ఆ చేతిలోకి వచ్చి పడుతుంది. ఒకమ్మాయి రక్తం తుడిచిన గుడ్డలు పైకి లెక్కపెడుతోంది, ఇంకొకామె ఆ లెక్క తిరిగి చెబుతోంది. లోపల ఒక్కటి మిగిలిపోకూడదని కాబోలు. ఇంతలో ఆవిడ పాదం మీద కప్పిన గుడ్డ జారింది. ఆ పాదంతో అక్కడ ఎవరికీ పనిలేదు, దాన్ని చూసేవాళ్లూ లేరు. ఒకమ్మాయి వంగి గుడ్డ సర్ది, మళ్లీ తన చోటికి వెళ్లింది. ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకి.

నేను ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయాను. ఏడ్చేవాళ్లకు ఆ పాదం కనబడేది కాదు.

గుండె మళ్లీ మొదలుపెట్టే సమయానికి టీవీ ఆరిపోయింది. తలుపులోంచి వస్తున్న ఘాటు చూసి, టీవీ పేలిందనుకుని మా మరిది బయట ఫ్యూజు పీకేశాడు.

పెరట్లోంచి చుట్టూ తిరిగి వీధిలోకి వెళ్లాను. అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఏది ఏడుపో, ఏది మిరపకాయో చెప్పడం కష్టం.

"బతికిందంటే?" అని అక్కయ్య నా చెయ్యి పట్టుకుంది.

"తెలీదు. మా మరిది ఫ్యూజు పీకాడు."

"అయ్యో! ఇప్పుడా పిల్ల ఉందో పోయిందో తెలీకుండా నాకు ముద్ద దిగుద్దా?"

"నేను రేపు గుంటూరు వెళ్లి చేరుతున్నా," అన్నాను.

ఫ్యూజు చేత్తో పట్టుకున్న మరిది నోరు తెరిచాడు. "ఆమె బతికిందో లేదో తెలీకుండానే? నాలుగు రోజులాగు వదినా, మళ్లీ ఏస్తారేమో."

"ఆమె బతికితే నా వాల్వు బాగవుద్దా? పనిచేసేవాళ్లని చూశానయ్యా. చాలు."

బుధవారం పొద్దున ఆపరేషన్ గది తలుపు దాకా మావాళ్లంతా వచ్చారు. మరిది గోడ పట్టుకుని నిలబడ్డాడు. కోడలు నా చెయ్యి వదల్లేదు, ఇది నిజం, కలం ఆపాల్సిన పనిలేదు. అక్కయ్య "ఎళ్లిపోతన్నావా నా తల్లీ!" అని రాగం అందుకుంది.

"ఇంకా పోలేదక్కా, మంచం మీదే ఉన్నా," అన్నాను.

తలుపు మూసుకుంది. ఏడుపులు అటే ఉండిపోయాయి. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒకమ్మాయి నా చేతికి సూది గుచ్చుతూ అడిగింది.

"భయంగా ఉందామ్మా?"

"బయట ఉన్నంతసేపూ ఉంది తల్లీ. ఇప్పుడు తగ్గింది."