నాయన వదిలేసి వచ్చిన సీటు

వేంపల్లె బస్టాండులో కడప బస్సు ఎక్కబోతే కుడికాలు మెట్టు మీదికి లేవలేదు. చెప్పు తట్టుకుందేమో అనుకున్నాను. రెండోసారీ లేవలేదు. వెనకాల ఉన్న పెద్దావిడ "ఎక్కు పాపా, బస్సు పోతాది" అని నడుముకు చెయ్యేసి పైకి నెట్టింది. అప్పుడు నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. కొన్నాళ్ల ముందే విరేచనాలై హాస్టల్లో పడుకున్నాను కాబట్టి ఇది ఆ నీరసమే అని సర్దిచెప్పుకున్నాను. నా అంత మొండిదానికి నీరసం ఒక లెక్కా?

తెల్లారేసరికి పాదాల్లో తిమ్మిరి. ఆ తర్వాత మోకాళ్లు పట్టు తప్పాయి. ల్యాబ్‌లో నిలబడలేక కింద కూలబడితే, హాస్టల్ వాళ్లు ఫోన్ చేసి నాయనను పిలిపించారు. కడపలో చూసిన డాక్టరు ఆలస్యం చేయకుండా కర్నూలు తీసుకుపొమ్మన్నాడు.

కర్నూలు ఆసుపత్రిలో న్యూరాలజీ డాక్టరు చిన్న సుత్తితో నా మోకాళ్ల మీద తట్టి "రిఫ్లెక్సెస్ లేవు" అన్నాడు. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, అంటే కాళ్లకూ చేతులకూ కరెంటు షాకులు. వెన్నులో సూది గుచ్చి సీఎస్ఎఫ్ అనే నీరు తీశారు. "దీన్ని జీబీఎస్ అంటాం. మొన్నటి ఇన్‌ఫెక్షన్‌తో పోరాడాల్సిన ఇమ్యూనిటీ దారి తప్పి నీ నరాల మీద పడింది" అని చెప్పాడు.

"మా పాప నడుస్తాదా సార్?" అని అమ్మ అడిగింది.

"చాలామంది నడుస్తారమ్మా. టైం పడుతుంది. ఎంత టైం అని మాత్రం నన్ను అడగొద్దు."

ఐసీయూలో పెట్టి ఐవీఐజీ అనే మందు నరానికి ఎక్కించారు. ఊపిరి బలం తగ్గుతోందేమో చూడటానికి, ఒక్క గుక్కలో ఎంతవరకు అంకెలు చెప్పగలనో నర్సులు పదేపదే చెప్పించేవారు. మొదట్లో ప్రతిసారీ ముందుసారికంటే చిన్న అంకెకే ఆగిపోయేదాన్ని. చచ్చేంత భయమేసింది. మందు పని చేసి వెంటిలేటర్ దాకా పోకుండా గట్టెక్కాను.

నేను ఐసీయూలో ఉండగానే నాయన ఒక పని చేసొచ్చాడు. మాకు సొంత చేను కొంచెమే, మిగతాది కౌలు. ఆ ఏడు సేద్యం చేయలేమని తెలిస్తే అదును రాకముందే చేను ఆసామికి అప్పగించి రావడం మా ఊరి పద్ధతి. ఇంకొకరన్నా విత్తుకుంటారు. చేతగాక బీడు పెట్టుకుని కూర్చున్నవాడికి ఊళ్లో మర్యాద ఉండదు. నాయన నా సీటుకూ అదే పద్ధతి పాటించాడు. యూనివర్సిటీకి పోయి నా టీసీ తీసుకొచ్చేశాడు.

నన్ను వార్డుకు మార్చాక ఆ మాట చెప్పాడు. "ఇంకొకరి బిడ్డన్నా చదువుకుంటాది గదమ్మా. నువ్వు లేసి తిరిగితే మాకు అదే పదివేలు."

"నేను చచ్చిపోయినానా నాయనా, నా జాగా ఇంకొకరికి ఇచ్చేదానికి?" అన్నాను. కోపంతో ఏడ్చాను. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి లేవకపోతే అమ్మ తుడిచింది. నాయన వరండాలోకి వెళ్లిపోయాడు. ఆ సీటులోకి తిరిగి పోవాలని నేను నిశ్చయించుకున్నది అప్పుడే.

ఇంటికొచ్చాక వాకర్, ఆ తర్వాత కర్ర. కాళ్లకంటే వేళ్లు మొండికేశాయి. ఫిజియోథెరపిస్ట్ నా బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించి "గ్రిప్ వచ్చింది, ఇక పించ్ రావాలి" అన్నాడు. మా ఇంట్లో విత్తనం కాయలను మిషన్‌లో వేయరు, పప్పు దెబ్బతింటుందని చేత్తోనే ఒలుస్తారు. అమ్మ నా ముందు చాటెడు వేరుశనగ కాయలు పెట్టింది. మొదట్లో ఒక్క కాయ కూడా చిట్లలేదు. చిట్లడం మొదలయ్యాక నాకు ఆశ ఎక్కువై, పొద్దంతా ఒలిచి, మళ్లీ చేతులు ఆడకుండా పడిపోయాను. "రెస్ట్ కూడా ట్రీట్‌మెంటే తల్లీ" అని ఫిజియో బాగా తిట్టాడు. ఆ తర్వాత బుద్ధిగా కొంచెం కొంచెమే ఒలిచాను.

మరుసటి ఏడు కాలికి స్ప్లింట్ కట్టుకుని, నాయనను తోడు తీసుకుని రీఅడ్మిషన్‌కు పోయాను. టీసీ తీసుకున్నారంటే పేరు తీసేసినట్టేనని, మళ్లీ ఎంట్రెన్స్ రాయాలని ఆఫీసులో చెప్పారు. నేను అంతటితో వెనక్కి తిరిగే రకం కాదు. నేరుగా మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం గదికి పోయాను.

"టీసీ ఎందుకు తీసుకున్నారండీ? మెడికల్ లీవు పెట్టుంటే సరిపోయేది" అని ఆమె నాయనను అడిగింది.

"మేము వాడుకోలేనిది పట్టుకుని కూచుంటే తప్పు గదా మేడం. ఇంకొకరికి ఇస్తారనుకున్యా."

మేడం రిజిస్టరు తెరిచి చూసింది. "మధ్యలో వదిలేసిన సీటు ఎవరికీ ఇవ్వరు పెద్దాయనా. అది ఖాళీగానే ఉంది."

"ఎవురూ కూచోలేదా?"

"ఎవరూ కూర్చోలేదు."

నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. ఆయన మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

ప్రత్యేక అనుమతికి రికమెండ్ చేస్తానని మేడం అంది, కానీ ఒక షరతు పెట్టింది. "యాసిడ్లతో పని. చెయ్యి వణికితే నీకే కాదు, పక్కవాళ్లకూ ప్రమాదం. ఒక టైట్రేషన్ చేసి చూపించు."

ఎడమచేత్తో బ్యూరెట్ గొట్టం కుళాయి తిప్పుతూ కుడిచేత్తో ఫ్లాస్క్ ఆడించాను. చివర్లో చుక్కలు ఒక్కొక్కటిగా వదలాలి, ఒక్క చుక్క ఎక్కువైనా రంగు ముదిరిపోతుంది. నా ఫ్లాస్క్‌లో లేత గులాబీ రంగు వచ్చి నిలిచింది, సరిగ్గా అక్కడే ఆపాలి. మేడం మళ్లీ చేయమంది. అదే రీడింగ్ వచ్చింది. "చెయ్యి బాగుంది. వచ్చి చేరు" అని అప్పటికప్పుడే సంతకం పెట్టింది. గొప్పలు చెప్పుకుంటోందనుకున్నా ఫర్వాలేదు, నా జీవితంలో నేను అంత గర్వపడింది ఇంకెప్పుడూ లేదు.

అనుమతి వచ్చింది, జూనియర్లతో కలిసి అదే సెమిస్టర్ మళ్లీ చదివాను. ఇప్పుడు చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. అలసిపోతే పాదాలు తిమ్మిరెక్కుతాయి. ల్యాబ్‌లో స్టూల్ అడిగి తీసుకుంటాను, అందుకు సిగ్గుపడను.

నాలాంటి వాళ్లకు నేనివ్వగల సలహా ఒకటుంది, దాన్ని నాకంటే నాయనే బాగా చెప్పాడు. మొన్న పక్క ఊరాయన ఒకరు, కొడుక్కు పెద్ద ఆపరేషన్ అయిందని, కాలేజీ నుంచి టీసీ తెచ్చుకుందామా అని మా ఇంటికొచ్చి అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు.

"టీసీ జోలికి పోవాకప్పా. డాక్టరు కాగితం జతచేసి లీవు అర్జీ పెట్టు. అందినట్టు ముద్ర ఏయించుకో. మనం ఇడిసిపెడితే ఆ సీటు ఇంకొకరి బిడ్డకేమీ పోదు. మన బిడ్డకే లేకుండా పోతాది."