ఓడ వస్తే ఖాళీ అయిన గట్లు

మా గార్లదిన్నె పక్క కాలువలోకి ఓడ వచ్చిందంటే మీరు నమ్మరు. వచ్చింది. ఒకప్పుడు కోనసీమ కాలువల్లో పెళ్ళివారినీ కొబ్బరికాయలనూ మోసిన పాత లాంచీ. కాలువలో నీళ్లున్నన్నాళ్లూ జనాన్ని షికారు తిప్పుతానని ఒకాయన లారీ మీద తెచ్చి దించాడు. వంతెనల కింద దూరడానికి దాని పైఅంతస్తు కోసేశారు. అయినా మా కళ్లకు అది సముద్రాన్ని వెంటబెట్టుకొచ్చినంత హంగుగా ఉంది.

మొదటిరోజు ఎక్కింది నేనొక్కణ్ణే. ఓడ బోసిగా ఉందని ఎవరూ అనకుండా బల్ల బల్లకూ మారి కూర్చున్నాను. నా మాటకు ఎదురు చెప్పే ఆవిడ పోయినప్పటి నుంచి మా ఇంట్లో నోరు విప్పేది కుక్కర్ ఒక్కటే. ఎవరితోనైనా నాలుగు మాటలాడదామని ఎక్కాను. కోస్తా నుంచి వచ్చిన సరంగు మాత్రం చుక్కాని వదలడు, ఫోనులో భార్యనూ వదలడు.

గట్టు మీద మనుషులు కనబడగానే చెయ్యి ఊపాను. పరుగెత్తారు. మా వైపు కాదు, అవతలికి. కాలువలో పైపులు వేసి దొంగతనంగా నీళ్లు తోడుకుంటున్న రైతులు వాళ్లు. మోటార్లు పట్టుకుపోయే అధికారులు ఈసారి జీపు మాని ఓడెక్కి వచ్చారనుకున్నారు. నా తెల్లచొక్కా ఒకటి దానికి తోడు. నేనెంత ప్రేమగా చెయ్యి ఊపితే గట్లు అంత వేగంగా ఖాళీ అయ్యాయి. దండెత్తి వచ్చిన చక్రవర్తికి కూడా అంత నిర్మానుష్యమైన దారి దొరికి ఉండదు.

ఒకచోట పైపు అడ్డంగా తేలుతుంటే లాంచీ ఆగింది. దాన్ని లాగలేక ఒక పెద్దాయన నడుంలోతు నీళ్లలో నిలబడిపోయాడు.

"తప్పైపాయ సార్. చీనీచెట్లు ఎండిపోతాండాయి. ఈ ఒక్క తడికి ఇడ్సిపెట్టు."

"నేను సార్‌ను కాదన్నా. ఊరికే వచ్చినా."

"ఊరికే ఎవురన్నా ఇంత ఓడేసుకోని వస్తారా?"

"మాట్లాడేకి మనిషి దొరుకుతాడేమోనని."

ఆయన ఖాళీ బల్లలను చూశాడు. నన్ను చూశాడు.

"ఆఫీసరైతే వెంట జవాన్లుంటారు. నీకెవురూ లేరే."

"లేరన్నా."

"అట్ల చెప్పు మరి. దిగు, కూచుందాం."

దిగాను. గట్టు మీద తువ్వాలు పరిచి నన్ను కూర్చోబెట్టాడు. "రోంతసేపుండు, ఇది ఏసొస్తా" అంటూ పోయి డీజిల్ మోటారు తిప్పాడు. ఆ మోతకు నా దవడలు కూడా అదిరాయి.

ఆయన వచ్చి పక్కన కూర్చుని, చేతులు తిప్పుతూ ఏదో చాలాసేపు చెప్పాడు. ఒక్క ముక్క వినబడలేదు. తల ఊపాను. తరువాత నేను ఆవిడ సంగతి చెప్పాను, మొదటి నుంచి. ఆయనా తల ఊపుతూనే ఉన్నాడు.