చెలమ నీళ్ల చల్లన

ఎర్రగుంట్ల బజారులో సుందరలక్ష్మి గాజులంగడి తెలియని ఆడమనిషి లేదు. పెండ్లికూతురి చెయ్యి ఎంత బిరుసుగా ఉన్నా సరే, ఒడిలోకి తీసుకుని మెల్లగా పిసుకుతా, "మీ అత్త ఏం చీర పెట్టిందే? ఏం రంగు?" అని మాటల్లోకి దించుతుంది. ఆ పిల్ల రంగు చెప్పేలోపల గాజు మణికట్టుకు చేరిపోయి ఉంటుంది.

అట్లాంటి మనిషికి పోయిన ఎండాకాలం నోట మాట లేకుండా పోయింది. కింది దవడలో పన్ను పుచ్చింది. లవంగం పెట్టుకుంది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, చెంపకు గుడ్డ కట్టుకుని అంగట్లో మూగగా కూచుంది. పీకించుకుందామంటే భయం. చాన్నాళ్ల కిందట పంటికి మత్తుసూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక చావు తప్పి బయటపడింది. ఆ మందు జోలికి మళ్లీ పోవద్దని అప్పుడే చెప్పినారు.

చివరికి మొగుడు పెద్దసుబ్బయ్య ఆమెను కడపకు పిల్చుకపోయినాడు. అక్కడ శివజ్యోతి అనే పంటి డాక్టరమ్మ అంతా చూసి, "పన్ను ఎట్లాగూ కదులుతాంది. సూది లేకుండా, హిప్నాటిజంతో తీద్దాం," అనింది.

పెద్దసుబ్బయ్య లేచి నిలబడినాడు. "ఏందమ్మా, కనికట్టా? తెలివి తప్పిస్తావా ఏంది?"

"లేదు పెద్దాయనా. నా మాటలన్నీ వినపడతాంటాయి. మనసు మాత్రం ఇంకోతట్టు పోతుంది. నొప్పి తెలిస్తే చెయ్యెత్తమంటా, ఆపేస్తా."

సుందరలక్ష్మి చెంప పట్టుకునే నవ్వింది. "కూచో అయ్యా. గాజులు ఎక్కించేటప్పుడు నేను చేసేదీ అదే గదా."

కుర్చీ వెనక్కి వాలింది. డాక్టరమ్మ గొంతు తగ్గించి, ఊపిరి నిదానంగా తీసుకోమనింది. "మీకు శానా చల్లగా, హాయిగా ఉండిన చోటు ఏదమ్మా?"

తిరుపతి అని చెప్దామనుకుంది. నోట్లోనుంచి వచ్చింది వేరే. "కమలాపురం. పాపాఘ్ని ఇసుక."

అంతే, పాదాల కింద ఇసుక మెత్తగా జారింది. తెల్లారే పొద్దు. అవ్వ నాగలక్ష్మమ్మ కొంగు దోపుకుని ఏట్లో చెలమ తోడుతాంది. మొదట బురదనీళ్లు వచ్చినాయి. అవ్వ కొబ్బరిచిప్పతో వాటిని పారబోసి, "తొందరపడొద్దే, తేటపడనీ," అనింది. గుంతలో నీళ్లు మెల్లగా ఊరినాయి.

"ఆ నీళ్లల్లో చెయ్యి పెట్టండి," అని డాక్టరమ్మ గొంతు ఎక్కడినుంచో వినపడింది. పెట్టింది. వేళ్లు జిల్లుమన్నాయి, తర్వాత మొద్దుబారినాయి. "ఆ చేత్తోనే దవడ తాకండి." తాకింది. చల్లదనం చెంపలోకి, చిగుళ్లలోకి దిగింది. ఎవరో ఏదో లాగుతున్నట్టు తెలుస్తానే ఉంది. ఆమె మాత్రం అవ్వ పక్కన గొంతుక్కూచుని, ఇత్తడి బిందె నిండేదే చూస్తాంది.

కండ్లు తెరిచేసరికి పన్ను పళ్లెంలో ఉంది. చెంపల మీదుగా నీళ్లు కారుతాండాయి.

డాక్టరమ్మ కంగారుపడింది. "నొప్పి అయిందా అమ్మా? చెయ్యెత్తలేదే?"

ఆమె తల అడ్డంగా ఊపి, దూది కరుచుకున్న నోటితోనే అనింది. "మా అవ్వను చూసి శానా ఏండ్లాయ తల్లీ. ఇంకొంచేపు ఉండనిచ్చింటే బాగుండు."

తిరుగుదోవలో బస్సు కమలాపురంలో ఆగితే, మొగునికి చెప్పకుండానే దిగేసింది. పెద్దసుబ్బయ్య సంచి చంకన పెట్టుకుని వెంట పరిగెత్తినాడు. ఏటి గట్టు మీదికి పోయి చూస్తే, ఇసుక ఎత్తుకపోయిన గుంతలు, వాటినిండా కంపచెట్లు. చెలమ తోడేదానికి జానెడు చోటు గూడా లేదు.

"ఈడ ఏముందని దిగినావు సుందరా?" అన్నాడు పెద్దసుబ్బయ్య.

పెండ్లయి ఇన్నేండ్లలో అవ్వ గురించి ఆయనకు ఒక్క మాటా చెప్పింది లేదు. అంగట్లో ఊరందరి కతలూ అడిగేది గానీ, తనది చెప్పేది కాదు. గట్టు మీద కూచుని, దూది తీసిపారేసి చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ పోయినాక అవ్వ తనను ఎట్లా సాకిందో, ఏటికి పోతూ ఏమేం పాడేదో, అవ్వ కన్నుమూసిన ఏడాది ఏట్లో నీళ్లు ఎట్లా ఇంకిపోయినాయో. మాట తడబడుతున్నా ఆపలేదు.

ఎర్రగుంట్ల బస్సు హారన్ కొట్టుకుంటా పోయింది. పెద్దసుబ్బయ్య అటు చూసినాడు గానీ లేవలేదు. "ఆ తర్వాత?" అన్నాడు.