చెయ్యి చాపి కూర్చున్న పెద్దమ్మ

కోదాడ హోటళ్లలో కాఫీ అడిగితే గ్లాసులో సగం నురగే పోస్తారు. నాకు నురగ మీద ద్వేషమేమీ లేదు. దాన్ని కాఫీ అనడం మీదనే కొంచెం అభ్యంతరం. పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో, నేరుగా బస్సు లేక అక్కడ మారుతూ అలాంటిదే ఒకటి తాగి, సూక్ష్మదర్శిని పెట్టె ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడ వెళ్లాను. మా పెద్దమ్మకు జ్వరమని సూర్యాపేటలో మా ఇంటికి కబురొచ్చింది.

నేను ఇంగ్లండు నుంచి వచ్చి అప్పటికి పది రోజులు. రోగం ఏమిటో తేల్చే విద్య ఏడాదిపాటు నేర్చుకు రమ్మని మా కాలేజీ నన్ను అక్కడికి పంపి, బదులుగా అక్కడి విద్యార్థినొకణ్ని ఇక్కడికి తెచ్చుకుంది. ఈ మార్పిడిలో ఎవరు నష్టపోయారో, మర్యాద కొద్దీ, రెండు కాలేజీలూ పైకి చెప్పలేదు.

అక్కడ మొదటి రోజే నన్నొక ముసలావిడ మంచం పక్కన నిలబెట్టారు. మా వైపు రోగి నోరు విప్పడు. నాడి పట్టి రోగం చెప్పడం వైద్యుడి పని. ఆ అలవాటు కొద్దీ ఆవిడ మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏమీ అడగకుండా నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ నర్సును పిలిచి, ఈ అబ్బాయికి కళ్లు తిరుగుతున్నట్టున్నాయి, కుర్చీ వేయమంది.

"ముందు అడుగు, తర్వాత విను, ఆ పైన ముట్టుకో" అన్నారు మా ప్రొఫెసరు.

అడిగాను. ఆవిడ తన దగ్గుతో మొదలుపెట్టి తన పిల్లి దగ్గు దాకా చెప్పింది. రెండూ రాసుకున్నాను. ఏడాది తిరిగేసరికి అడగడంలో నాకు మంచి పేరే వచ్చింది.

మిర్యాలగూడలో పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊరి వైద్యుడు నాడి చూసి టైఫాయిడన్నాడట. ఇరవై ఒక్క రోజులు లంఖణం. తొమ్మిది రోజులుగా బార్లీ నీళ్లే. ఆమెకు అన్నం కావాలి. పెట్టాలో వద్దో నేను తేల్చాలి.

"పెద్దమ్మా, చలి పెట్టి వస్తదా? రోజు ఇడిసి రోజు వస్తదా?"

ఆమె చెయ్యి చాపింది.

"జర చెప్పవే."

"నువ్వే చెప్పు. నేనే చెప్తే నీ సదువెందుకురా?"

పెద్దమ్మ కోడలు, మా వదిన, ఏదో చెప్పబోయింది.

"నువ్వు ఊకో! పోరడు పట్టుకుంటడో లేదో సూడనియ్యి."

ఇంగ్లండులో సంపాదించిన పేరు అక్కడితో సరి. ఇక పెట్టె తెరిచాను. వేలి కొన పొడిచి, ఒక్క చుక్క గాజు పలక మీద పరిచి, ఆరబెట్టి, రంగు వేసి, కిటికీ వెలుతురులో వెతికాను. మధ్యాహ్నమైంది. ఇంటిల్లిపాదీ నా వీపు వెనకే ఊపిరి బిగబట్టి ఉన్నారు. అప్పుడు కనిపించాయి, ఎర్ర కణాల్లో చిన్న ఉంగరాల్లాంటి మలేరియా క్రిములు. నేను గెంతానని వదిన ఇప్పటికీ అంటుంది. కొంచెం గబుక్కున లేచానని నా జ్ఞాపకం.

"మలేరియా! లంఖణం గింఖణం లేదు. క్వినైన్ మింగు, అన్నం తిను."

వదిన అప్పటికే పొయ్యి దగ్గరుంది. మెత్తగా ఉడికిన అన్నం, చారు. పెద్దమ్మ మూడు ముద్దలు తిన్నది. ఈలోగా ఇరుగుపొరుగు వాళ్లు ఐదుగురు వచ్చి వరసగా కూర్చుని చేతులు చాపారు. ఏం బాధో ఒక్కరూ చెప్పలేదు. ఇంగ్లండులో ఏ పరీక్ష పాసైనప్పుడూ నేనంత సంతోషపడలేదు.

నాలుగో ముద్ద కలుపుతూ పెద్దమ్మ నా వైపు చూసింది.

"మా వైద్యుడు తప్పు చెప్తే చెప్పిండు గని, జల్ది చెప్పిండు."