గాలోడికి శక్తి పోయిన ఎండాకాలం

అలిపిరి దారిలో నేను పనిచేసే లాడ్జి కౌంటరు ముందుకు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మనుషులు వస్తూనే ఉంటారు. కొండ దిగి, గుండు మీద చందనం తడి ఆరకముందే, కాళ్లీడ్చుకుంటూ వచ్చి రూము ఖాళీ ఉందా అని రకరకాల భాషల్లో అడుగుతారు, లేదని నేను వాళ్ల వాళ్ల భాషల్లో చెబుతాను. మొన్న ఒక తమిళ ముసలామె కౌంటరు మీద మోచేతులానించి నిలబడగానే నీలగిరి తైలం వాసన గుప్పుమంది. నేను అరవంలో బదులు చెబితే ఆమె మొహం విప్పారింది. "నీ ఎంద ఊరుమ్మా?" అంది. చిత్తూరన్నాను. అరవం ఎక్కడ నేర్చుకున్నావని అడగలేదు. అడిగినా చెప్పే ఓపిక ఆ పూట నాకు లేదు.

ఆ వాసన మా అవ్వ మోకాళ్లది. నాయన తల్లి. వేలూరు పక్క పల్లెటూరి నుంచి చిత్తూరుకు కోడలిగా వచ్చిన మనిషి. వచ్చిన కొత్తలోనే వాళ్లత్త "మా ఇంట్లో అరవం పనికిరాదు" అని ఒక్క మాటన్నదట. ఆ అత్త పోయి ఎన్నేళ్లయినా అవ్వ ఆ మాట దాటలేదు. అందుకే ఆమె కడుపున పుట్టిన నాయనకు అరవం ఒక్క ముక్క రాలేదు. అయితే మజ్జిగ చిలికేటప్పుడు ఆమె గొంతులోనే "ఒణ్ణు, రెండు, మూణు" అని లెక్కపెట్టుకోవడం, రాగి సంకటి గెలికే కట్టె చెయ్యి జారితే "అయ్యయ్యో, ఎన్నడా ఇదు" అనుకోవడం అక్కా నేనూ వినేవాళ్లం. ఓళిగలు చేసే పండగ నాడు పూర్ణం కుదిరిందంటే పొయ్యి దగ్గర ఒంటరిగా ఏదో అరవం పాట కూనిరాగం తీసేది, మేం వెళ్తే ఆపేసేది.

మా వీధికి కేబుల్ వచ్చినప్పుడు పిల్లల చానల్ మాత్రం ఏ కారణంచేతో అరవంలోనే వచ్చేది. రోజూ సాయంత్రం, చెనిక్కాయలు ఉడికే వాసన ఇంటినిండా ఉండగా, జపాను బొమ్మల సీరియల్ ఒకటి వేసేవాళ్లు. అందులో తెల్ల జుట్టు కుర్రాడొకడు ఈల వేస్తే ఎక్కడి గాలైనా వచ్చి వాడిని ఎత్తుకుపోయేది, కొండలు దాటించేది, రాక్షసుల మీదికి విసిరేది. మాకు భాష తెలీదు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటానన్న వంకతో అవ్వ వచ్చి గోడకానుకుని కూర్చునేది, మోకాళ్లకు తైలం రుద్దుకుంటూ మాటమాటకూ మాకు తెలుగులో చెప్పేది. వాడికి గాలోడని పేరు పెట్టింది ఆమే. "గాలోడంటే పనీపాటా లేనోడు కదవ్వా" అని అక్క అంటే, "వీడు మాత్రం ఏం పని సేస్తాండాడు, ఎగరడం తప్ప" అనేది. కొన్నాళ్లకు ఆమె చెప్పకముందే మాకు సగం అర్థమవుతూ వచ్చింది. మధ్యాహ్నాలు వామనగుంటలు పక్కన పడేసి, మెడకు చున్నీలు కట్టుకుని, మిద్దె మీద ఈలలు వేస్తూ అరవంలో యుద్ధాలు చేసేవాళ్లం.

తోతాపురి మామిడి లారీలు రాత్రింబగళ్లు ఊళ్లో తిరుగుతున్న ఎండాకాలంలో గాలోడికి శక్తి పోయింది. సొంత గురువే శత్రువై శపిస్తే వాడు కొండ మీద నుంచి పడి, లేచి, ఈల వేయబోతే నోట్లోంచి ఉత్త ఊపిరి మాత్రం వచ్చింది. అక్క ఏడ్చింది. తర్వాత వారాల తరబడి వాడు ఏదో పల్లెలో నీళ్లు మోస్తూ, మేకలు కాస్తూ, అందరి చేతా తిట్లు తింటూ బతికాడు. "శక్తి యాడికీ పోదులే పాపా, మనిషి అలిసిపోతే అది కూడా పండుకుంటాది" అని అవ్వ మమ్మల్ని ఓదార్చింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక ఉదయం ఆమె పెరట్లో పడిపోయింది. పక్షవాతం. ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి కుడిచెయ్యి లేవడం లేదు, నోరు ఒక పక్కకు లాగేసింది. మాట అసలుండదనుకున్నాం, ఉంది, కానీ తెలుగు లేదు. ఇన్నేళ్లూ ఇల్లంతా నడిపిన తెలుగు తుడిచిపెట్టుకుపోయి, ముద్దముద్దగా అరవం ఒక్కటే వచ్చేది. చిన్నప్పటి భాష మిగిలి, తర్వాత నేర్చింది పోవడం కొందరికి జరుగుతుందని, మెల్లగా తిరిగి రావచ్చని, రాకపోనూవచ్చని డాక్టరు చెప్పాడు.

నాయన మినీ లారీ డ్రైవరు. ఐరాల నుంచి బెల్లం, మామిడి మండీకి తోలేవాడు. రాత్రి వచ్చి, ఒళ్లంతా బెల్లం జిగురుతో, స్నానమైనా చేయకుండా తల్లి మంచం పక్కన కూర్చునేవాడు. ఆమె ఏదో చెప్పేది. ఆయన బిక్కమొహం వేసుకుని మా వైపు చూసేవాడు.

"ఏమి సెప్తా ఉండాది పాపా?"

చెప్పేవాళ్లం. మాకొచ్చింది గాలోడి అరవం. శత్రువు, యుద్ధం, ఓటమి, ప్రతీకారం, వీటన్నిటికీ మాటలు తెలుసు. దుప్పటికీ, దువ్వెనకూ తెలియవు. "వలిక్కుదు" అంటే నొప్పిగా ఉందని వెంటనే అర్థమయ్యేది, వాడు తన్నులు తిన్నప్పుడల్లా అనే మాట కాబట్టి. చాలాసార్లు ఆమె చెప్పేది మాకూ చిక్కేది కాదు. చెప్పీ చెప్పీ ఆమె అలిసిపోయేది, వినీ వినీ మేమూ అలిసిపోయేవాళ్లం, అమ్మ ఆమెకూ మాకూ మధ్య గంజి గిన్నె పట్టుకుని నిలబడి ఉండేది. ఒకనాడు మాత్రం ఆమె మాట స్పష్టంగా వచ్చింది. "అంద పయ్యనుక్కు శక్తి తిరుంబి వందుచ్చా?" ఆ పిల్లోడికి శక్తి తిరిగొచ్చిందా అని. రాలేదవ్వా, ఇంకా మేకలే కాస్తున్నాడు అన్నాం. అది కూడా నాయనకు మేమే తెలుగులో చెప్పాలి. ఆయన విని బయటికి వెళ్లి లారీ టైరు మీద చెయ్యానించి నిలబడ్డాడు. "మా యమ్మ మాట నాకే తెలీకుండా పాయె గదప్పా," అని అక్కడున్న క్లీనరుతో అంటుంటే విన్నాను.

మర్నాటి నుంచి సాయంత్రం ట్రిప్పు వేరేవాళ్లకు అప్పగించి నాయన మాతో పాటు టీవీ ముందు కూర్చున్నాడు. మీసాలున్న పెద్దమనిషి, లుంగీ మోకాళ్ల పైకి లాక్కుని, తెల్ల జుట్టు బొమ్మను రెప్పవేయకుండా చూస్తూ, "ఇప్పుడేమన్యాడు? ఇంకోసారి సెప్పు" అని మమ్మల్ని సతాయించేవాడు. నిద్ర ఆపుకోలేక కూర్చున్నచోటే తూలేవాడు, లేచి మొహం కడుక్కుని మళ్లీ వచ్చేవాడు. లారీ తోలుతూ ఆ మాటలే వల్లె వేసేవాడని క్లీనరు నవ్వుతూ చెప్పాడు.

ఒక సాయంత్రం అవ్వ గంజి వద్దని మొహం తిప్పుకుంది. అంతకు రెండు రోజుల ముందు నుంచీ ఆమె ఏమీ తినడం లేదు. నాయన మంచం ముందుకొచ్చి, గాలోడిలాగే ఒక కాలు ముందుకేసి, చెయ్యెత్తి, "పయప్పడాదే! పోర్ ఇన్నుం ముడియలై!" అన్నాడు. భయపడకు, యుద్ధం ఇంకా ముగియలేదు అని. తల్లితో కొడుకు అరవంలో మాట్లాడిన మొదటి మాట అది. అవ్వ ఆ వంకర నోటితోనే నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ ఎడమచేత్తో నాయన చెవి పట్టుకుని మెలిపెట్టింది. గంజి తాగింది. ఆ తర్వాత రోజూ ఆమె దుప్పటి చూపించి ఒక మాట, చెంబు చూపించి ఒక మాట ఆయనకు నేర్పింది. తన తల్లి పేరు, చెల్లెళ్ల పేర్లు, ఊళ్లో తాము ఈదిన బావి సంగతి అన్నీ చెప్పింది. మేమెప్పుడూ వినని అవ్వ ఆమె.

గాలోడికి శక్తి వచ్చిన రోజు మేమంతా చూశాం. ఉరుములూ మెరుపులూ ఏమీ లేవు. తప్పిపోయిన మేకపిల్లను పిలవడానికి వాడు మామూలుగా ఈల వేస్తే ఎదురుగా ఒక ఆకు కదిలింది, అంతే. వాడే నమ్మలేదు. అవ్వకు తెలుగు కూడా వానలు మొదలయ్యాక అలాగే వచ్చింది. నాయన సంకటి ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్దుకుంటుంటే మంచం మీది నుంచి "ఉప్పు సాలిందా నాయనా?" అంది. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "సాలిందిమ్మా" అని లేచి ఆమె పక్కన కూర్చున్నాడు.

తెలుగు వస్తున్నకొద్దీ ఆమె అరవం తగ్గించేసింది. ఎవరూ వద్దనలేదు. నాయన తంటాలు పడి ఒక వాక్యం అరవంలో అడిగితే, ఆమె తెలుగులో జవాబు చెప్పేది. "ఎందుకు నాయనా నీకా తిప్పలు, నాకు వచ్చేసింది గదా" అనేది. ఆయన ఇంకొన్నాళ్లు అడిగి చూసి మానేశాడు. తర్వాత నాలుగైదేళ్లు బతికి ఆమె వెళ్లిపోయింది, తెలుగులోనే.

ఇప్పుడా చానల్ లేదు, కేబుల్ లేదు. అక్క సూళ్లూరుపేటలో ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతుంది. ఫోన్ చేస్తే ఇద్దరం ఆవలిస్తూ నాలుగు మాటలు తెలుగులో మాట్లాడుకుని పెట్టేస్తాం. కంటి ఆపరేషను అయ్యాక నాయన తిరుపతిలో నా దగ్గరే ఉంటున్నాడు. నిన్న నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మా అబ్బాయి ఫోన్‌లో ఏదో జపాను సీరియల్ చూస్తున్నాడు. తాత వాడి పక్కకు జరిగి, నల్లద్దాలు పైకెత్తి, కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"ఇది ఏం భాషప్పా?"

"జాపనీస్ తాతా. డబ్బింగ్ బాగుండదు, నేను ఒరిజినలే చూస్తా."

నాయన ఇంకాసేపు విన్నాడు. మాటలు పట్టుకోవాలని పెదవులు కదిపాడు కూడా. తర్వాత నల్లద్దాలు దించుకుని, "నా వల్ల కాదులే నాయనా, ఇంకో భాష" అని చాప మీద మెల్లగా పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు. వాడు ఫోన్ సౌండు తగ్గించాడు.